బుడే సాహెబ్ నవ్విన రోజు

"ఏవండీ, పాప నవ్వుతూ నవ్వుతూ కూలబడిపోయింది. దీనిక్కూడా అదే జబ్బేమోనండీ!"

పేపరు చదువుకుంటున్న మావారు తల ఎత్తలేదు. "పదకొండు నెలల పిల్ల పడకపోతే ఏం చేస్తుంది? కవాతు చేస్తుందా?"

"ఊరికే పడలేదండీ. నవ్వింది. నవ్వాకే పడింది."

"ఏడ్చి పడితే నీకు బాగుండేదా?"

నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం పాపని ఏడుసార్లు నవ్వించి చూశాను. నాలుగుసార్లు పడింది, మూడుసార్లు పడలేదు. ఈ లెక్కతో ఏమీ తేలదనిపించి ఎనిమిదోసారి నవ్వించబోతే విసుగొచ్చి ఏడ్చింది. రాత్రి గంటకోసారి లేచి, లైటు వేసి, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూశాను. వేలు పెట్టినప్పుడల్లా అది లేచింది. లేచినప్పుడల్లా నాకు ధైర్యం వచ్చింది. మావారికి నిద్ర పోయింది.

ఈ భయం నాకు ఆఫీసులో పట్టుకుంది. ఆ పొద్దున మా ల్యాబులో ఊడ్చే ధనమ్మ చీపురు పట్టుకుని వచ్చి, "మేనేజరు గారు కుర్చీలో నిద్రోతన్నారమ్మా. చుట్టూ ఊడ్చమంటారా, ఆయన్ని కూడా కలిపి ఊడ్చేయమంటారా?" అని అడిగింది. నేను నవ్వాను. నా పక్కన నిలబడ్డ బుడే సాహెబ్ గారు నవ్వలేదు. నవ్వబోయారంతే. ఆ మాత్రానికే ఆయన దవడ జారింది, మోకాళ్ళు వంగాయి, బల్ల అంచు పట్టుకుని ఎలాగో నిలబడ్డారు. పెదవులు మాత్రం ఏదో జపిస్తున్నట్టు కదిలాయి. నిమిషం తర్వాత మామూలుగా నిటారుగా నిలబడి, "నూట అరవై రెండమ్మా" అన్నారు. అది ఆయన అప్పటికి లెక్కపెట్టిన మొలకల సంఖ్య.

అది 1989 జూన్. నేను బాపట్లలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మాది డెల్టా రైతు విత్తన సమాఖ్య. పేరుకి సహకార సంఘం, అలవాట్లన్నీ గవర్నమెంటు ఆఫీసువి. వరి విత్తనాల్ని తడికాగితం చుట్టల్లో పెట్టి, నాలుగు వందల్లో ఎన్ని మొలకెత్తాయో చూసి రైతుకి చీటీ ఇవ్వడం మా పని. చీటీ మీద సంతకం నాది. లెక్క బుడే సాహెబ్ గారిది.

ఆయనకప్పుడు యాభై మూడేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు చింతగింజలుండేవి. పగలు గంటన్నరకో రెండు గంటలకో ఆయనకి నిద్ర ముంచుకొచ్చేది. మనకి వచ్చినట్టు ఆవులింతలతో, కబురు చేసి వచ్చేది కాదు. మీద పడేది. అది పడబోతోందని తెలిసే ఆ రెండు క్షణాల్లో ఆయన ఒక చింతగింజని ఆఖరి మొలక పక్కన పెట్టేవారు. పది పదిహేను నిమిషాల తర్వాత లేచి, చింతగింజని జేబులో వేసుకుని అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టేవారు. అనుమానం కొద్దీ మొదటి ఆరు నెలలూ ఆయన లెక్కల్ని నేను మళ్ళీ లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పు దొరికింది. రెండూ నావే.

మా ఆఫీసులో నిద్ర నేరమేమీ కాదు. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర దాకా ఆఫీసంతా నిద్రపోయేది. మేనేజరు జగన్నాథరావు గారికి పొద్దున టిఫిన్ తర్వాత అదనంగా ఒక కునుకు కూడా ఉండేది. కుర్చీ వెనక్కి వాల్చి ముఖం మీద ఫైలు కప్పుకునేవారు. పల్చటి ఫైళ్ళు ఫ్యాను గాలికి ఎగిరిపోతాయని మందపాటి ఫైలు ఎంచుకునేవారు. అందుకే మా ఆఫీసులో పెద్ద సమస్యలన్నీ ఆయన ముఖం దాకా వెళ్ళేవి. ఎవరైనా రైతు వస్తే హెడ్ క్లర్కు రంగనాయకులు గారు, "సార్ ఫైలు చూస్తున్నారండి, కూర్చోండి" అనేవారు. బుడే సాహెబ్ గారి నేరం నిద్రపోవడం కాదు. ముఖం మీద ఫైలు లేకుండా నిద్రపోవడం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొత్తగా కోసిన వరి విత్తనం కొన్ని రకాల్లో నానబెట్టినా వెంటనే మొలకెత్తదు. కొన్ని వారాలు నిద్రావస్థలో ఉంటుంది. తుపానుకి చేలు మునిగినప్పుడు వరి కంకి మీదే మొలకలు రాకుండా కాపాడేది ఆ నిద్రే. మా రిజిస్టర్లో దానికొక కాలమ్ ఉంది. విత్తనం పడుకుంటే చచ్చిపోయిందని రాయకూడదని మాకు నియమం. మనిషి పడుకుంటే ఏం రాయాలో నియమం లేదు.

బుడే సాహెబ్ గారిది రేపల్లె. వాళ్ళ నాన్న స్టేషను దగ్గర జట్కా తోలేవారు. పదిహేనేళ్ళప్పుడు ఒకరోజు తండ్రికి జ్వరమొస్తే ఈయన బండి తోలారు. పగ్గాలు చేతిలో ఉండగానే నిద్రపోయారు. గుర్రం బుద్ధిగా, ఎక్కినవాళ్ళతో సహా, ఇంటికి వచ్చేసింది. ఆ రోజు నుంచీ వైద్యం మొదలైంది. ఒకాయన నెయ్యి మానేయమన్నారు. ఇంకొకాయన నెయ్యి తాగమన్నారు. రాత్రిళ్ళు మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుందని చెబితే తాయెత్తు కట్టారు. ఎక్కువ మంది మాత్రం ఖర్చులేని వైద్యమే చెప్పారు: సోమరితనం తగ్గించుకోమని.

నిఖా రోజు సంగతి ఆయన భార్య కరీమాబీ ఎన్నిసార్లు చెప్పినా విసుక్కునేది కాదు. "ఖాజీ గారు ఖుబూలేనా అని అడిగారమ్మా. ఈయన పలకలేదు. పూలదండల కింద మొహం కనపడదుగా! ఇష్టం లేదేమోనని మా నాన్న లేచి నిలబడ్డాడు. ఎవరో తొడ మీద గిల్లారు. రెండోసారి అడిగితే ఖుబూల్ అన్నారు."

"మీరేమనుకున్నారు?"

"ఎంత నిదానమైన మనిషో అనుకున్నాను."

సమాఖ్యలో చేరాక ఆయన్ని ముందు రేపల్లె గోదాములో వేశారు. నిద్రపోతున్నాడని తెనాలికి మార్చారు. ఊరు మారితే నిద్ర తగ్గుతుందని పైవాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వెళ్ళివచ్చేవారు. పొద్దున నిద్రపోతే రైలు తెనాలి దాటించి గుంటూరులో దింపేది. సాయంత్రం ఆ బెంగ లేదు. రేపల్లె తర్వాత పట్టాలే లేవు.

తెనాలిలో ఆయనకి నిద్ర కన్నా పెద్ద చిక్కు వచ్చింది. అక్కడ మనుషులు ఊరికే టీ తాగరు, పక్కవాణ్ణి నవ్వించి తాగుతారు. గట్టిగా నవ్వితే ఈయన కూలిపోతారన్న సంగతి గోదాము గుమాస్తాలు కనిపెట్టారు. అప్పటినుంచి అదొక ఆట. పొద్దున్నే ఒకడు అత్తగారి నడక అనుకరిస్తాడు, ఇంకొకడు మేనేజరు తుమ్ము. ఈయన పడతారు. పడ్డాక కళ్ళు తెరిచే ఉంటాయి, అన్నీ వినపడతాయి, ఒళ్ళు మాత్రం ఆయనది కాదు. ఒకరోజు వెళ్ళి కాటా ఇనుప పళ్ళెం మీద పడ్డారు. కనుబొమ చీలింది. ఆ మచ్చ తడుముకుంటూ, "ఆ రోజునించి నవ్వడం మానేశానమ్మా. సిగరెట్టు మానేసినట్టే" అని చెప్పారు.

ఎలా మానేశారంటే, నవ్వు రాబోతుంటే రేపల్లె నుంచి తెనాలి వైపు స్టేషన్లు తలుచుకునేవారట. పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు. వేమూరు చేరేసరికి నవ్వు చచ్చిపోయేదట. ధనమ్మ చీపురు మాటకి ఆయన పెదవులు జపించింది అదే.

దీనివల్ల ఆయనకొక లాభం కూడా కలిగింది. నవ్వని మనిషి నిజాయితీపరుడని మన ఆఫీసుల్లో గట్టి నమ్మకం. తెనాలి నుంచి బాపట్లకి మార్చినప్పుడు శాంపిళ్ళ గది తాళంచెవి ఆయనకిచ్చారు. ఆయన నిజంగానే నిజాయితీపరుడు. కానీ ఆ సంగతి ఎవరూ చూసి తెలుసుకోలేదు.

రాత్రిళ్ళు ఆయనకి గంటకోసారి మెలకువ. ఎలాగూ మెలకువేనని, రంజాను నెలలో పొద్దుపొడవక ముందే తినే సహరీకి ఇంటింటికీ వెళ్ళి లేపే పని ఆయన తీసుకున్నారు. మిగతా నెలల్లో పరీక్షల పిల్లల్నీ, నాలుగింటి రైలుకి వెళ్ళేవాళ్ళనీ లేపేవారు. రేపు నాలుగింటికి లేపు సాహెబూ అని సాయంత్రం చెప్పి వెళ్ళిన పెద్దమనిషే మర్నాడు పదకొండింటికి ఆఫీసుకొచ్చి, "పగలు నిద్రపోతాడేంటండీ ఈయన!" అని ఆశ్చర్యపోయేవాడు.

మా అన్నయ్య వైద్యం చదివినప్పటి పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది. పాపకి వచ్చే జబ్బులన్నీ నేను అందులోంచే ఎంచుకుంటాను. అలా వెతుకుతుంటే ఒక పేజీలో బుడే సాహెబ్ గారు కనిపించారు. పగటినిద్ర, నవ్వితే కూలడం, మెలకువలో కదల్లేకపోవడం, రాత్రి తెగిపోయే నిద్ర. నాలుగూ ఉన్నాయి. మర్నాడు ఆయనకి చెప్పాను. "దీన్ని నార్కోలెప్సీ అంటారండి. మెదడులో ఉండే జబ్బు. సోమరితనం కాదు."

"ఇంగ్లీషు పేరుందా అమ్మా?" అన్నారు. చేతిలోని తడికాగితం చుట్ట బల్ల మీద పెట్టారు. "అయితే జబ్బేనన్నమాట."

యాభై మూడేళ్ళ మనిషి తనకి జబ్బుందని తెలిసి అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంతోషం రెండు వారాలుంది. ఆ జబ్బులో ఒక్కోసారి మనిషి నిద్రపోయినా చెయ్యి పని ఆపదు. జూలై మొదట్లో ఆయన రిజిస్టర్లో ఎనభై ఏడు శాతం అని రాసి, చింతగింజ పెట్టే వ్యవధి లేక నిద్రపోయారు. కలం మాత్రం నడిచింది. ఎనభై ఏడు దగ్గర బయల్దేరి, వంకర్లు తిరుగుతూ, రెండు గడులు దాటి, రైతు సంతకం గడిలోకి వెళ్ళి ఆగింది.

జగన్నాథరావు గారు రిజిస్టరు ఎత్తి చూపించి, "ఇదేంటయ్యా బుడే? పామా?" అన్నారు.

"కాదు సార్. నిద్రలో రాశాను."

ఆ గదిలో ఎప్పుడూ ఎవరూ అనని మాట అది. నిద్ర అన్న మాట పైకి వినిపించేసరికి జగన్నాథరావు గారు తనని ఎవరో తిట్టినట్టు ఎర్రబడ్డారు. సాయంత్రానికి మెమో. పది రోజులకి పైనుంచి ఉత్తర్వు: నెలాఖరు లోపల తెనాలిలో సమాఖ్య వైద్య కమిటీ ముందు హాజరై జబ్బు ఉందని రుజువు చేసుకోవాలి. లేదంటే ఉద్యోగం లోంచి తీసేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా అయిదేళ్ళుంది. ఆ వయసులో కొత్త పని ఇచ్చేవాళ్ళు లేరు. నిద్రపోయే వాణ్ణి పనిలో పెట్టుకునేవాళ్ళు అసలే లేరు.

కరీమాబీ నా దగ్గరికి వచ్చింది. "మీరు పక్కనుండాలమ్మా. ఈయన అడిగిందానికల్లా నిజం చెప్పేస్తారు."

కమిటీ అంటే ముగ్గురు. రిటైరైన డాక్టరు చంద్రశేఖరం గారు, మా మేనేజరు, కార్యదర్శిగా హెడ్ క్లర్కు. వాళ్ళు పెట్టిన పరీక్ష తేలికైనదే. పది నుంచి ఒంటిగంట దాకా బుడే సాహెబ్ గారిని కుర్చీలో కూర్చోబెట్టి చూస్తారు. నిద్రపోతే జబ్బు. పోకపోతే నటన. ఏ నేరానికి ఉద్యోగం తీసేస్తామంటున్నారో, ఉద్యోగం నిలబడాలంటే వాళ్ళ ఎదుటే ఆ నేరం చెయ్యాలి.

ఆ రోజు నేను ఒక తప్పు చేశాను. బాపట్లలో రైలెక్కగానే ఆయన కిటికీకి తలవాల్చి నిద్రపోయారు. రాత్రంతా నిద్రలేదు పాపం, పడుకోనీ అనుకున్నాను. నిడుబ్రోలులో అరటిపళ్ళ కేకలకి లేవబోతే, "పడుకోండి, నేనున్నానుగా" అన్నాను. చుండూరు దాటాక గానీ నాకు గుర్తురాలేదు. చిన్న కునుకు తీస్తే ఈ జబ్బున్నవాళ్ళు ఒకటి రెండు గంటలు చురుగ్గా ఉంటారని ఆ పుస్తకంలో ఉంది. నేనే దాని కింద గీత కూడా గీశాను.

తెనాలిలో దిగిన బుడే సాహెబ్ గారు కడిగిన ముత్యంలా ఉన్నారు.

పదయింది. పదకొండయింది. మూడు జతల కళ్ళు తన మీదే ఉంటే, ఉన్న కాస్త నిద్ర కూడా భయపడి పారిపోయింది. ఆయన నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుంటారు, తెరుస్తారు.

"పట్టిందా?" అంటారు జగన్నాథరావు గారు.

"లేదు సార్."

"ప్రయత్నించవయ్యా! ఆఫీసులో ఐతే పడుకుంటావుగా!"

పన్నెండున్నరకి డాక్టరు గారు వాచీ చూసుకున్నారు. "నాకు భోజనం వేళ దాటుతోంది. నిద్రపోలేదని రాసేసి సంతకం తీసుకోండి." "సార్, పుస్తకంలో..." అని మొదలుపెట్టాను. "పుస్తకాలు నేనూ చదివానమ్మా" అన్నారాయన.

రంగనాయకులు గారు తాను స్వయంగా టైపు చేసిన ఫారం బుడే సాహెబ్ గారి చేతికిచ్చారు. "చదివి సంతకం పెట్టు. చదవకుండా పెట్టకూడదు."

ఆయన నిలబడి, మొలకలు లెక్కపెట్టే గొంతుతో పైకి చదివారు. "మూడవ నిబంధన. కమిటీ ఎదుట నిద్రపోయినచో, ఉద్యోగి తాను నిద్రలోకి జారిన సమయమును, అట్లు జారిన వెంటనే, లేవకుండగనే, స్వహస్తముతో నమోదు చేసి సంతకము చేయవలెను."

రంగనాయకులు గారు కలం మూత తీసి పట్టుకున్నారు.

"లేవకుండానే ఎందుకండి?" అని నేనడిగాను.

"లేచి రాస్తే అది లేచిన సమయం అవుతుంది గానీ పడుకున్న సమయం అవదు కదండీ" అన్నారు రంగనాయకులు గారు ఓపిగ్గా.

"అలా రాయకపోతే ఆడిట్‌లో పట్టుకుంటారు" అన్నారు జగన్నాథరావు గారు. "నిద్రలో రాయడం అలవాటేగా నీకు?"

బుడే సాహెబ్ గారి పెదవులు కదలడం మొదలైంది. పల్లికోన... భట్టిప్రోలు... తర్వాత ఆగిపోయాయి. ఆయన నవ్వారు. నేనాయన పళ్ళు చూడటం అదే మొదలు. పై వరసలో ఒక పన్ను లేదు. నవ్వు గదంతా వినపడింది. అంతలోనే దవడ వేలాడిపోయింది, తల ముందుకి వాలింది, మోకాళ్ళు మడతపడ్డాయి. ఫారంతో సహా ఆయన మెల్లగా నేలమీదికి జారిపోయారు.

"నటన!" అన్నారు జగన్నాథరావు గారు.

చంద్రశేఖరం గారు అప్పటికే లేచారు. భోజనం మర్చిపోయారు. సంచిలోంచి రబ్బరు సుత్తి తీసి, నేలమీద కూర్చుని, బుడే సాహెబ్ గారి మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండోది కొట్టారు. అదీ కదల్లేదు. "మాట నటించొచ్చు, పడిపోవడం నటించొచ్చు. ఇది ఎవడూ నటించలేడు. వినపడుతోందా బాబూ?" అన్నారు. తెరిచి ఉన్న కళ్ళు ఆయన వైపు తిరిగాయి. రెండు నిమిషాలకి ఒళ్ళు స్వాధీనంలోకి వచ్చాక మళ్ళీ కొట్టారు. కాలు ఎగిరి రంగనాయకులు గారి ఫైలుకి తగిలింది.

"పుస్తకంలో చదివాను. నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేశాను. ఇవాళ చూశాను," అన్నారు డాక్టరు గారు. ఏదో సాధించినట్టున్న ఆ గొంతు వింటే ఉద్యోగం ఆయనకే నిలిచినట్టుంది. "మందులున్నాయి గానీ ఈ చుట్టుపక్కల దొరకవు. పగలు రెండుసార్లు పావుగంట పడుకోనివ్వండి. చాలు."

"మరి సార్, నిద్రపోయిన సమయం గడిలో ఏం రాయమంటారు?" అన్నారు రంగనాయకులు గారు.

డాక్టరు గారు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఉద్యోగం నిలిచింది. పదకొండింటికీ పన్నెండున్నరకీ పావుగంట విశ్రాంతికి అనుమతిస్తూ ఉత్తర్వు వచ్చింది. నెల తిరక్కుండా మిగతా ఉద్యోగులంతా తమకీ ఆ సౌకర్యం కావాలని అర్జీ పెట్టారు. జబ్బు లేనివాళ్ళు డ్యూటీలో నిద్రపోవడం క్రమశిక్షణా రాహిత్యమని జగన్నాథరావు గారు జవాబు రాయించారు. మూడున్నరకి లేచి దాని మీద సంతకం చేశారు.

కమిటీ రోజు సాయంత్రం తిరుగు రైల్లో బుడే సాహెబ్ గారు నిద్రపోలేదు. నేను పొద్దుటి తప్పుకి క్షమాపణ చెప్పాను.

"మీదేం లేదమ్మా. నవ్వు ఆపుదామనుకుంటే ఆపగలిగేవాణ్ణే. ఇరవై ఏళ్ళు ఆపాను. ఇవాళ వేమూరు దాకా పోలేదు. భట్టిప్రోలులోనే దిగిపోయాను."

అప్పుడు నా భయం చెప్పాను. పాప నవ్వి పడుతోందని, ఏడు సార్లలో నాలుగు సార్లని.

"పడి?"

"పడి వెంటనే లేచి మళ్ళీ నవ్వుతుంది."

"నేను వెంటనే లేవలేనుగా అమ్మా. దానిది పడటం కాదు, నడక నేర్చుకోవడం." కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగి అన్నారు. "నేను రాత్రిళ్ళు మీ వీధిలోనే తిరుగుతాను. మీ ఇంట్లో గంటకోసారి లైటు వెలుగుతుంది. లైటు వెలిగాక పిల్ల ఏడుస్తుంది. ఏడ్చి లైటు వెలగాలి గానీ ఇదేంటి?"

ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తానని ఒప్పుకున్నాను.

"ఊళ్ళో అందర్నీ లేపేవాణ్ణి, నా మాట వినండి. లేపాల్సిన వాళ్ళని ఒక్కసారే పిలవాలి. లేపక్కర్లేని వాళ్ళ తల దగ్గరికి వెళ్ళకూడదు. కాళ్ళ దగ్గర నిలబడండి. లైటు వెయ్యొద్దు. మూడు ఊపిర్లు లెక్కపెట్టండి. వచ్చేయండి. నాలుగోది లెక్కపెట్టడం మీ పని కాదు. అది పిల్ల పని."

"మూడే ఎందుకండి?"

"నాలుగు వందలు లెక్కపెట్టే మనుషులం కదమ్మా మనం. ఎక్కడో ఒకచోట చింతగింజ పెట్టి ఆగాలి."

ఇప్పుడు 1994. బుడే సాహెబ్ గారు మొన్న మార్చిలో రిటైరై రేపల్లె వెళ్ళిపోయారు. సన్మాన సభలో జగన్నాథరావు గారు, ఆయన సేవలో ఒక్క క్షణం కూడా ఏమరలేదని ప్రసంగించారు. ముందు వరసలో కూర్చున్న ఆయన హాయిగా నిద్రపోతున్నారు. పాప ఇప్పుడు నవ్వుతూ పరిగెడుతుంది, పడదు. దానికి నాలుగు నెలల తమ్ముడున్నాడు. వాడికి వచ్చే జబ్బులు ఆ పుస్తకంలో ఇంకా చాలా మిగిలున్నాయి.

రాత్రి మెలకువ వస్తే వెళ్ళి వాడి కాళ్ళ దగ్గర నిలబడతాను. లైటు వెయ్యను. ఒకటి. రెండు. మూడు. నాలుగోది వాడికి వదిలేసి వచ్చి పడుకుంటాను.